వీణపెట్టెలో వేడినీళ్ళ సంచి

పోయిన జూన్‌లో రిటైరయ్యాను. అప్పటి నుంచి మన తెలుగు పిల్లలు ఎక్కడ కనిపించినా ఒకటే ప్రశ్న: "ఇప్పుడు టైమ్ ఎలా గడుస్తోంది ఆంటీ?" టైమ్‌కేం, దాని పాటికది గడుస్తుంది. అసలు ఆ ఉద్యోగం ఎలా వచ్చిందని అడగరేం? అడిగితే గంటసేపు చెబుతాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా వదలకుండా చెబుతాను. ఎవరూ అడగడం లేదు గనక నా అంతట నేనే రాస్తున్నాను. ముఖ్యంగా మొగుడి ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, చేతిలో ఉన్న విద్యని సూట్‌కేసులోంచి తియ్యకుండా కూచున్న అమ్మాయిల కోసం.

నాది వీణ టీచరు ఉద్యోగం. ఐర్లండ్ పడమటి ఒడ్డున, క్లేర్ కౌంటీలో, ఒక చిన్న ఊరి సంగీత పాఠశాలలో. అది రావడానికి ముందు కొన్నేళ్ళు డబ్లిన్‌లోని శాండీఫోర్డ్‌లో, లువాస్ ట్రాము చప్పుడు వినిపించే ఫ్లాట్‌లో కాపురం చేశాం. తర్వాత మా ఆయనకి క్లేర్‌లో వైద్య పరికరాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఇటు వచ్చేశాం. ఆయన పని కొలతల్ని కొలవడం. అంటే అక్కడ వాడే కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడడం. ఇంట్లో కూడా అంతే. చారులో ఉప్పు ఎక్కువైందని అనడు, "నిన్నటి కంటే ఎక్కువ వేసేవు" అంటాడు. ఈ మనిషికి భగవంతుడు ఒక్క మంచి గుణం ఇచ్చాడు, ఘటం వాయిస్తాడు. పెళ్ళిచూపుల్లో అది విన్నాకే ఒప్పుకున్నాను.

నేను తొమ్మిదో ఏట విజయనగరంలో వీణ పట్టుకున్నాను. డిప్లొమా ఉంది. ఇక్కడికొచ్చాక మాత్రం శనివారాలు మా భోజనాల బల్ల పక్కన నలుగురైదుగురు పిల్లలకి సరళీస్వరాలు చెప్పే 'వీణ ఆంటీ'ని. పిల్లలు తెలుగులో అడిగిందానికి ఇంగ్లీషులో జవాబిచ్చి, స్నాక్స్ తినేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఏ ఫారం నింపినా ఉద్యోగం అన్న గడి దగ్గర నా పెన్ను ఆగేది. ఏళ్ళ తరబడి ఆగింది.

అలాంటి రోజుల్లో ఆ పాఠశాల వాళ్ళు ప్రకటన వేశారు. ఇతర దేశాల తంత్రీవాద్యం నేర్పే టీచరు కావాలని. అర్జీ పెట్టాను, పిలిచారు. ప్రిన్సిపాల్ ఒక పొడుగాటి ఆవిడ, యాభై ఉంటాయేమో. పసుపుపచ్చ రెయిన్‌కోటు ఆఫీసు గదిలో కూడా విప్పలేదు. నా సర్టిఫికెట్లన్నీ తిప్పి చూసి, పక్కన పెట్టి, "ఇవన్నీ బాగున్నాయి. కానీ నేను మిమ్మల్ని మనుషుల మధ్య చూడాలి. ఎక్కడైనా వాయిస్తున్నారా?" అంది.

వాయించడం లేదు. ఉగాదికి కమ్యూనిటీ హాల్లో, డ్యాన్సుకీ డ్యాన్సుకీ మధ్య పది నిమిషాలు వాయిస్తే అదే గొప్ప. కానీ నా నోరు నా మాట వినలేదు. "ఆ, ఈ నెలాఖర్న మాకు టూర్ ఉందండీ. బర్రెన్ అంతా తిరిగి కాఫీ షాపుల్లో వాయిస్తున్నాం, నేనూ మా ఆయనా," అన్నాను.

"భలే! చివరిది ఎక్కడో చెప్పండి, దానికి వస్తాను. ఆ వారంలోనే తేల్చేస్తాను. సితార్ వాయించే ఆయన ఒకరు కూడా అర్జీ పెట్టుకున్నారు," అంది ఆవిడ.

సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే చెప్పేశాను, మనకి టూర్ ఉందని. ఆయన బూట్లు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

"మనకి టూరేటి?"

"నెలాఖర్న. బర్రెన్‌లో. కాఫీ షాపుల్లో."

"ఎవరు పెట్టేరు?"

"నేనే. ఇవాళ పొద్దున్న, పదకొండింటికి."

ఒక్క నిమిషం నా మొహం చూశాడు. తర్వాత బూట్లు మళ్ళీ తొడుక్కున్నాడు. ఎందుకో ఇప్పటికీ తెలీదు, కంగారులో ఉంటే ఆయనకి కాళ్ళకి బూట్లు ఉండాలి. బల్ల దగ్గర కూచుని ల్యాప్‌టాప్ తెరిచి, బర్రెన్ చుట్టుపక్కల కాఫీ షాపులన్నిటితో ఒక పట్టిక తయారుచేశాడు. నాలుగు రోజులు వరసగా లంచ్ టైమ్‌లో ఫోన్లు చేశాడు. చాలామంది వద్దన్నారు. ఒకాయన, వీణంటే ఏమిటో తెలీదుగానీ బల్ల మీద చోటు పడుతుందా అని అడిగాడట. చివరికి నలుగురు ఒప్పుకున్నారు. మా ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు. గురువారం నుంచి ఆదివారం దాకా రోజుకొకటి. ఆదివారం షాపు ఎక్కడో ప్రిన్సిపాల్‌కి చెప్పేశాను. నేను చెప్పిన అబద్ధం వారం తిరక్కుండా నిజమైపోయింది.

బర్రెన్ చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మైళ్ళ కొద్దీ బూడిదరంగు రాతి నేల. చెట్టన్నది కనిపించదు. రాయి పగుళ్ళలో మాత్రం చిన్నచిన్న పూలుంటాయి. మా ఆయన దాన్ని ఎడారి అనేవాడు, ఇసక బదులు రాయి, ఎండ బదులు వాన అంతే తేడా అని. దాని అంచుల్లో అక్కడొక పల్లె, ఇక్కడొక పల్లె, పల్లెకో కాఫీ షాపు.

మా కారు చిన్నది. వీణ దానికంటే కొంచెమే చిన్నది. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చి దాని మీద వీణపెట్టె పడుకోబెట్టి బెల్టు పెట్టాం. ఘటం నా ఒళ్ళో. నేను వెనక సీట్లో. ముందు వీణమ్మ, వెనక నేను, మా ఇద్దరికీ డ్రైవరు మాదిరి మా ఆయన. బోమాంట్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న మా అమ్మాయికి ఫోటో పంపితే, "మామ్, యూ లుక్ లైక్ ద క్వీన్! యూ విల్ బీ గ్రాండ్," అని మెసేజ్ పెట్టింది. ఇక్కడివాళ్ళ భాషలో గ్రాండంటే ఏం ఫరవాలేదని. ఆ రాళ్ళ మధ్య రోడ్డు మీద కారు ఎక్కుతూ దిగుతూ పోతుంటే నాకు ఇరవై ఏళ్ళు తగ్గిపోయినట్టనిపించింది. ఆయన స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు, నేను వెనక నుంచి పాడుతున్నాను. పెళ్ళయ్యాక మేమిద్దరమే ఒక పని మీద బయల్దేరడం అదే మొదటిసారి. పని అన్న మాట తలుచుకుంటేనే ఒళ్ళు పొంగిపోయింది.

మొదటి షాపులో ఎనిమిది మంది. అందులో ఇద్దరు దారి తప్పి వచ్చిన జర్మన్లు. వర్ణం వాయించాను. చప్పట్లు కొట్టారు, ఒకావిడ దగ్గరికొచ్చి వీణ కొన మీద చెక్కిన యాళి మొహాన్ని నిమిరి, కుక్కపిల్లని అడిగినట్టు "దీని పేరేమిటి?" అని అడిగింది. రెండో షాపులో కాఫీ మెషీన్ మా పాలిట శత్రువు. నేను రాగం తీస్తూ సన్నటి జాగాకి వచ్చేసరికి అది బుస్సుమనేది. మా ఆయన దానితో పోట్లాడకుండా దాని బుస్సు పడే చోట ఘటం మీద ముక్తాయింపు వేశాడు. జనం కేకలు పెట్టారు. మెషీన్ దగ్గరున్న అమ్మాయి ఆ తర్వాత మా ఆయన వంక చూసి, ఆయన తలూపితేనే పాలు కాచింది.

మూడోది పాత రాతి గోడల ఇల్లు. చలి. వేళ్ళు కొయ్యబారిపోయాయి. మధ్యలో టప్‌మని చప్పుడై, పైస్థాయిలో ఒక మెట్టు ఊడి కింద పడింది. ముందు కూచున్న పెద్దావిడ అది కూడా కచేరీలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టింది.

వీణ మెట్లని మేకులతో కొట్టరు. తేనెమైనంలో బొగ్గుపొడి అవీ కలిపి, ఆ నల్ల మైనం మీద ఇరవైనాలుగు మెట్లూ నిలబెడతారు. చలికి ఆ మైనం పెళుసెక్కి మెట్టు ఊడుతుంది. ఎప్పుడూ దగ్గరుంచుకునే మైనం ముద్దలోంచి చిటికెడు తీసి దాన్ని మళ్ళీ నిలబెట్టాను. కానీ ఆ టప్ అన్న చప్పుడు చెవిలోంచి పోలేదు. రేపు ఆదివారం, ఆఖరి షాపు, ప్రిన్సిపాల్ వచ్చే రోజు. తోడి రాగం విస్తారంగా ఆలపించి, తానం వాయించాలని ఆవిడని కలిసిన రోజు నుంచీ సాధన చేస్తున్నాను. ఆవిడ ముందు మెట్టు ఊడితే?

ఆదివారం పొద్దున్న, రాత్రి మేము గది తీసుకున్న ఇంటి పెద్దావిడని వేడినీళ్ళ సంచి అడిగాను. రబ్బరుది, పడుకునే ముందు దుప్పట్లో పెట్టుకుంటారే, అది. ఈ దేశంలో అది లేని ఇల్లు ఉండదు. ఆవిడ అల్మారాలోంచి తీసి ఇస్తూ "మరిగే నీళ్ళు పొయ్యకమ్మా," అంది. నడుం నొప్పికనుకుంది పాపం. నేను కెటిల్‌లో మరిగిన నీళ్ళే పోశాను, ఎక్కువసేపు వెచ్చగా ఉండాలి కదా. తువ్వాల్లో చుట్టి, వీణపెట్టెలో, మెట్ల మీదనే పెట్టి, పైన శాలువా కప్పి మూత వేశాను. చంటిబిడ్డని పడుకోబెట్టినంత తృప్తిగా ఉంది.

వేడికి మైనం కరుగుతుందని నాకు తెలీదా? తొమ్మిదో ఏట నుంచి తెలుసు. విజయనగరంలో వీణని కిటికీ దగ్గర పెట్టినందుకు మా టీచరుగారి చేత తిట్లు తిన్నాను. కానీ ఈ దేశంలో అన్నేళ్ళు బతికాక వేడి వల్ల కూడా నష్టం ఉంటుందన్న సంగతే మర్చిపోయాను. ఇక్కడ వేడి ఎక్కడ దొరికితే అక్కడ చేతులు చాపడమే అలవాటు. నా తప్పుకి నేను చెప్పుకునే సంజాయిషీ ఇంతే.

కచేరీ మూడింటికి. దారిలో సముద్రం పక్కన కారాపి పులిహోర తిన్నాం. రెండింటికి షాపు చేరుకున్నాం. షాపు నడిపే ఆవిడ రెండు చేతులా పిండితో ఎదురొచ్చి, "సగం పల్లె వస్తానంది!" అని మురిసిపోతూ కిటికీ పక్కన మాకు చోటు చూపించింది. దుప్పటి పరిచి, ఇద్దరం బూట్లు విప్పి పక్కన పెట్టాక పెట్టె తెరిచాను.

శాలువా రాలేదు. అంటుకుపోయింది. మెల్లగా లాగితే నల్ల మైనం తీగలు సాగింది. మూడో మెట్టు నుంచి పదకొండో మెట్టు దాకా, తొమ్మిది మెట్లు, ఒకటి ఇటు వాలి, ఒకటి అటు జరిగి, రెండు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

మా ఆయన వంగి చూశాడు. సంచి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదెవరు పెట్టేరు?"

"నేనే."

"మరిగిన నీళ్ళేనా?"

"ఊఁ."

జేబులోంచి ఫోన్ తీసి ఫోటో తీశాడు! ఏదైనా పాడైతే ముట్టుకోకముందు ఫోటో తియ్యాలట, వాళ్ళ ఫ్యాక్టరీ రూలు. ఒళ్ళు మండిపోయింది. "ఫోటో ఎందుకండీ? మీ మేనేజరుకి చూపిస్తారా?" అని అరిచాను. వెన్న రాసుకుని స్కోన్ బన్నులు తింటున్నవాళ్ళు తలలు తిప్పారు.

"అలవాటే, అలవాటు," అని ఫోన్ జేబులో పెట్టేసి, నా పక్కన కూలబడ్డాడు. "ఇప్పుడెలాగ? మెట్లన్నీ నిలబెట్టాలంటే రెండు రోజులు పడతాది. కేన్సిల్ చేసేద్దాం. ఆవిడకి నేను చెప్తాను, తప్పు నాదే అని చెప్తాను."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. నా తప్పు నెత్తి మీద వేసుకుంటానంటున్న ఆ మనిషిని చూసి కూడా. కానీ ఒప్పుకోలేకపోయాను. కేన్సిల్ చేస్తే సితార్ ఆయనకి ఉద్యోగం, నాకు మళ్ళీ శనివారాలు, సరళీస్వరాలు, ఫారంలో ఆ గడి. అర్జీ పెట్టడానికే అన్నేళ్ళు పట్టింది, ఇంకోసారి పెడతానన్న నమ్మకం నాకు లేదు.

కళ్ళు తుడుచుకుని లెక్కేశాను. తోడి సంగతి మర్చిపోవాలి, దానికి ఏడు స్వరాలు కావాలి. మోహనకి అయిదు చాలు. రిషభం మెట్టు రెండోది, బాగానే ఉంది. పైషడ్జం పన్నెండోది, అదీ బాగుంది. ఇక కావలసింది గాంధారం, పంచమం, ధైవతం. నాలుగో మెట్టు, ఏడోది, తొమ్మిదోది. మూడంటే మూడు! మిగిలిన ఆరూ పీకేసి పక్కన పెడితే తంతికి అడ్డం రావు.

"ఏమండీ, మూడు మెట్లు నిలబెడితే చాలు. మోహన వాయించేద్దాం," అన్నాను.

"మూడింటిలోగా అయిపోతాదా?"

"అవదు. వచ్చినవాళ్ళ ముందే నిలబెడతాను."

మా ఆయన లేచి బూట్లు తొడుక్కున్నాడు.

షాపు ఆవిడని వెన్న రాసే కత్తి, పెద్ద కప్పుతో వేడినీళ్ళు, ఒక సాసరు అడిగాను. ఎందుకని అడక్కుండానే తెచ్చింది. కత్తిని నీళ్ళలో ముంచి తుడిచి, ఆ వెచ్చదనంతో మైనాన్ని మెత్తచేస్తూ అక్కర్లేని మెట్లు ఒక్కొక్కటే లేపి సాసర్లో పెట్టాను. ఈలోగా జనం వచ్చేస్తున్నారు. తడిసిన కోట్లు, గొడుగులు, ఇద్దరు ముగ్గురు చంటిపిల్లలు. ముప్పై మంది దాకా అయ్యారు. ముందు వరసలో, నాకు మూరెడు దూరంలో, పసుపుపచ్చ రెయిన్‌కోటు వచ్చి కూచుంది.

ప్రిన్సిపాల్ నా వంక చూసింది, సాసరు వంక చూసింది, పళ్ళూడిన వీణ వంక చూసింది. చిన్నగా తలూపింది. అంతే.

లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇది మెట్లు, ఇది మైనం, ఇది నేను పొద్దున్న చేసిన ఘనకార్యం అని వేడినీళ్ళ సంచి ఎత్తి చూపించాను. షాపంతా గొల్లుమంది. వాళ్ళందరి ఇళ్ళలోనూ ఉందది. "కూచుంటారా, వెళ్ళిపోతారా?" అని అడిగాను. వెనక నుంచి ఎవరో, "బయట వానమ్మా, నువ్వు కానియ్యి, వీ ఆర్ గ్రాండ్," అన్నారు.

మొదట పంచమం. షడ్జంతో కలిపి చూస్తేనే అది సరిగ్గా నిలబడిందో లేదో తెలుస్తుంది. మా ఆయన ఫోన్‌లో శ్రుతి పెట్టాడు. ఆ గోలలో నాకు వినపడలేదు. "మీరందరూ పట్టండి," అన్నాను. ఉత్త తంతి మీటి, ఆ స్వరాన్ని నోరు మూసుకుని పట్టమన్నాను. మొదట సిగ్గుపడ్డారు. షాపు ఆవిడ కాఫీ మెషీన్ కట్టేసి తనూ మొదలెట్టింది. ముప్పై మంది షడ్జం పట్టారండీ! నా కింద నేల వణికినట్టనిపించింది. ఆ షడ్జం మీద పంచమం మెట్టుని అటూ ఇటూ వెంట్రుకవాసి జరుపుతూ మీటుతుంటే, సరైన చోటికి రాగానే రెండు స్వరాలూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఎవరూ చెప్పకుండానే అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఒక చంటిపిల్ల చప్పట్లు కొట్టింది.

గాంధారం దగ్గర తగువొచ్చింది. మా ఆయన ఫోన్ మీద ముల్లు చూసి, "ఇంకా తక్కువుంది, కుడివైపు ఓ బియ్యపు గింజంత జరపాలి," అన్నాడు.

"నా చెవికి సరిగ్గా ఉంది."

"ముల్లు తక్కువని చూపిస్తోంది కదా."

"మీ ముల్లు పియానో గాంధారం చెప్తోంది. ఇది వీణండీ."

మేం తెలుగులోనే పోట్లాడుతున్నాం, కానీ ఏం జరుగుతోందో అందరికీ అర్థమైపోయింది. గోడ పక్క నుంచి ఒక ముసలాయన లేచాడు. రబ్బరు బూట్లు, ఆవుల వాసన. ఆ ఊళ్ళో అరవై ఏళ్ళుగా ఫిడేలు వాయిస్తున్నాడని తర్వాత తెలిసింది. వంగి, చెవి వీణకి దగ్గరగా పెట్టి, "మళ్ళీ మీటు," అన్నాడు. మీటాను. జనం షడ్జం పట్టారు. ఆయన కళ్ళు మూసుకుని విని, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఆ బొమ్మ జేబులో పెట్టెయ్యి నాయనా. ఆవిడే కరెక్టు," అన్నాడు.

మా ఆయన ఫోన్ జేబులో పెట్టేశాడు. యంత్రాన్ని కాదని మనిషి మాట వినడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు.

ఇక ధైవతం. కత్తి చల్లారిపోయింది, ఒక చేత్తో మెట్టు పట్టుకుని ఉన్నాను, వేడినీళ్ళు అందడం లేదు. పక్క నుంచి ఒక చెయ్యి సాయానికొచ్చి మెట్టు కొస పట్టుకోబోయింది. వేళ్ళ నిండా స్కోను వెన్న! మైనానికి వెన్న తగిలితే ఇక మెట్టు జన్మలో నిలబడదు. ఫట్‌మని ఆ చేతి మీద ఒక్కటి వేశాను. "వెన్న! వెళ్ళి చేతులు కడుక్కుని రా!" అన్నాను, శనివారం పిల్లలతో మాట్లాడే గొంతుతో.

చెయ్యి వెనక్కి పోయింది. అప్పుడు చూశాను, దాని వెనకున్న పసుపుపచ్చ రెయిన్‌కోటుని.

మా ఆయన మొహం పాలిపోయింది. ప్రిన్సిపాల్ లేచి, కౌంటరు వెనక సింకు దగ్గరికి వెళ్ళి, సబ్బుతో చేతులు కడుక్కుని, అందరికీ కనబడేలా రెండు చేతులూ పైకెత్తి చూపిస్తూ వచ్చి నా పక్కన నేల మీద కూచుంది. "ఇప్పుడు పట్టుకోవచ్చా?" అంది. పట్టుకోమన్నాను. ఇంకేం చేస్తాను, మెట్టు జారిపోతోంది!

మూడు మెట్లూ నిలబడేసరికి నాలుగుంపావు. వాయించింది ఎంతసేపంటారు? పదకొండు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు వాయిస్తే కొత్త మైనం ఆగదని భయం. మోహన ఎత్తుకోగానే వాళ్ళు వినడం వేరుగా ఉంది. ఆ గాంధారం వాళ్ళది. ఆ పంచమం వాళ్ళు నిలబెట్టింది. నేను పంచమం మీద ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు సన్నగా షడ్జం పట్టేవాళ్ళు. మా ఆయన ఘటాన్ని పొట్టకి అదుముకుని నా మొహంలోకే చూస్తూ వాయించాడు, ఒక్క దెబ్బ ఎక్కువ వెయ్యలేదు. నా జీవితం మొత్తంలో ఎక్కువ తప్పులు వాయించిన పదకొండు నిమిషాలు అవి. అంత సంతోషంగా వాయించింది కూడా అప్పుడే.

జనం వెళ్ళాక ప్రిన్సిపాల్ మా దగ్గరికొచ్చింది. నేను వీణ తుడుస్తున్నాను. కొట్టినందుకు క్షమించమని అడగాలి. ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు.

"నిజం చెప్తాను. ఆ సితార్ ఆయన మీకంటే బాగా వాయిస్తాడు," అంది.

తల వంచుకుని "తెలుసు," అన్నాను. తోడి వాయించి ఉంటేనా అని లోపల అనుకున్నాను. చెప్పలేదు.

"ఆయన ఇంటికి వెళ్ళి విన్నాను. గొప్పగా వాయించాడు, నేను వింటూ కూచున్నాను. ఇక్కడ నేను కూచోలేకపోయాను. ముప్పై మంది కాఫీ తాగడానికొచ్చి ఒక స్వరం ఎక్కడుంటుందో తెలుసుకుని వెళ్ళారు. ఆ ఫిడేలు ఆయన ఇన్నేళ్ళలో ఇంకొకళ్ళు కరెక్టని అనగా నేను వినలేదు. నాకు కావలసింది టీచరు." అని ఆవిడ తన చేతులు చూసుకుని నవ్వింది. "మా స్కూల్లో పిల్లలు జిడ్డు చేతులతోనే వస్తారు. మంగళవారం మొదలుపెట్టడానికి మీకు వీలవుతుందా?"

వెనక నుంచి మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని తెలుగులో గొణిగాడు: "మంగళవారమా? కొత్త పని మంగళవారం ఎవరైనా మొదలెడతారేటి? బుధవారం అడుగు, బుధవారం."

మా అమ్మ మంగళవారం నాడు కొత్త చీర మడత కూడా విప్పేది కాదు. నేనూ అంతే. ఆ రోజు దాకా ఈ దేశంలో కూడా, మంగళవారం పడితే డాక్టరు అపాయింట్‌మెంటు మార్చుకున్నదాన్ని. మా డాక్టరు దగ్గరి రిసెప్షనిస్టుకి నేనంటే హడల్.

"వచ్చే మంగళవారమే వస్తాను," అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయాక మా ఆయన ఫోన్ తీసి పంచాంగం చూశాడు. చూసి, వంగి బూట్ల లేసులు బిగించుకున్నాడు. "ఏటి?" అని అడిగితే చెప్పాడు, ఆ మంగళవారం అమావాస్య కూడానట.

వెళ్ళాను. పద్నాలుగేళ్ళు వెళ్ళాను.